గట్టు మీద కునుకు ఎవరి లెక్కలో?

మిర్చి కోతలు, పసుపు తవ్వకాలు నడిచే రోజుల్లో ఊళ్ళల్లో ఒక మాట తరచు వినపడుతుంది. "ఈ కాలం కూలీలకు ఒళ్ళు వంగటం లేదు. అన్నాలు తిని గంటసేపు చెట్టు కింద పడుకుంటున్నారు. మేం ఉత్త పుణ్యానికి కూలి పోస్తున్నాం" అని. రచ్చబండ మీదా, ఎరువుల కొట్టు ముందూ, టీ బంకు దగ్గరా ఇదే మాట. అనేవాళ్ళలో ముప్పై ఎకరాల ఆసామీ ఉంటాడు, రెండెకరాలు కౌలుకు చేసే చిన్న రైతూ ఉంటాడు. వినీ వినీ మన కూలీలే కొందరు "నిజమేలే, మా నాయనల కాలంలో ఇట్టా పడుకునేవాళ్ళా?" అంటున్నారు. అందుకని ఈ మధ్యాహ్నపు కునుకు సంగతేమిటో మనమూ తిరగేసి చూడాల్సి వచ్చింది. భూమి, కూలి, ఇళ్ళస్థలాల లాంటి పెద్ద సమస్యలుండగా నిద్ర మీద రాతలేమిటని కొందరు కార్యకర్తలు నవ్వవచ్చు. నవ్వితే నవ్వారు. పనిదినం ఎంతసేపు, అందులో విరామం ఎంత, ఆ విరామానికి కూలి ఎవరు కట్టాలి అన్న తగువు కూలి తగువంత పాతది.

మన నాయనల కాలం సంగతే ముందు చూద్దాం. అప్పట్లో పాలేర్లు, జీతగాళ్ళు పగలు కన్ను మూయలేదన్నది వట్టిమాట. కోడి కూయక ముందే అరక కట్టేవాళ్ళు. ఎండ ముదిరే వేళకు అరక విప్పేవాళ్ళు. ఆ విప్పటం పాలేరు మీద జాలితో కాదు, ఎద్దు కోసం. ఎద్దు నోట నురగ కక్కితే ఆసామికి నష్టం, దాన్ని డబ్బు పోసి కొన్నాడు గనక. ఎద్దుకు దొరికిన వేపచెట్టు నీడలోనే పాలేరూ నడుం వాల్చాడు. ఆ తర్వాత ట్రాక్టరు వచ్చింది. దానికి ఆకలీ లేదు, అలుపూ లేదు, డీజిలు పోస్తే మిట్టమధ్యాహ్నం కూడా తిరుగుతుంది. ఎద్దుతో పాటు ఎద్దు మాటున మనకు దక్కిన విరామం కూడా పోయింది. కలుపు తీసే ఆడవాళ్ళకు ఆ మాత్రం చాటు కూడా ఏనాడూ లేదనుకోండి.

ఇక శాస్త్రం ఏమంటోంది? మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ మధ్య మనిషిని ఒక మందకొడితనం కమ్ముతుంది. కడుపునిండా తిన్నందువల్ల అనుకుంటాం. తినకపోయినా వస్తుంది. రాత్రీ పగలూ లెక్క కట్టుకునే గడియారం లాంటిదొకటి మన ఒంట్లో ఉంది, దాని నడకలోనే ఆ వాలు ఉందని తేల్చారు. నాలుగింటికి లేచి, రాత్రి పదకొండింటికి గాని పడుకోని మనిషికి ఆ వాలు ఇంకా లోతుగా ఉంటుంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దూరప్రయాణం చేసే విమానాల పైలట్ల మీద ఈ పరీక్ష చేసింది. నలభై నిమిషాలు వీలిస్తే వాళ్ళు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. లేచాక పనితనం 34 శాతం, మెలకువ 54 శాతం మెరుగుపడ్డాయని లెక్క చెప్పింది. గ్రీసు దేశంలో 23 వేల మందికి పైగా జనాన్ని ఆరేళ్ళకు పైగా గమనించి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. వారంలో కనీసం మూడుసార్లు మధ్యాహ్నం అరగంట పడుకునే అలవాటున్న వాళ్ళలో గుండెజబ్బు చావులు 37 శాతం తక్కువ. పనిచేసుకు బతికే మగవాళ్ళలో ఈ మేలు మరింత గట్టిగా కనిపించింది. విమానం తోలేవాడు కునుకు తీస్తే దాని పేరు భద్రత. కొడవలి పట్టేవాడు తీస్తే మాత్రం దొంగపని.

అన్నిటికన్నా మనకు దగ్గరి లెక్క చెన్నైది. అక్కడ తక్కువ ఆదాయం మీద బతికే 452 మందిని కంప్యూటర్లలో అంకెలు ఎక్కించే పనికి పెట్టుకుని ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. అది 2021లో అచ్చయింది. వాళ్ళు రాత్రి ఎనిమిది గంటలు పక్క మీద ఉన్నా నిద్రపోయేది అయిదున్నర గంటలే. వేడి, దోమలు, రణగొణ ధ్వని, ఇరుకు. వీళ్ళకు రాత్రి నిద్ర ఇంకో అరగంట పెరిగేట్టు చూశారు. దానివల్ల పనిలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. కొందరికి పనిచేసే చోటే మధ్యాహ్నం అరగంట పడుకోటానికి ఏర్పాటు చేశారు. పని చురుకుదనం పెరిగింది, మనసు కుదుటపడింది, డబ్బు దాచుకోవటం కూడా మెరుగైంది.

ఇక్కడే ఆసాములు చెప్పని కీలకం ఉంది. ఆ పడుకున్న వాళ్ళు, ఊరికే కూర్చుని విరామం తీసుకున్న వాళ్ళ కంటే ఎక్కువ సంపాదించారు. కానీ ఆ అరగంట కూడా పనిచేస్తూ పోయిన వాళ్ళ కంటే తక్కువ సంపాదించారు. ఎందుకని? పని గంట తగ్గింది గనక. కునుకు వల్ల పెరిగిన చురుకుదనం, తగ్గిన సమయాన్ని పూర్తిగా పూడ్చలేకపోయింది. అంటే కునుకు మేలు చేసింది, దాని ఖర్చు కూలివాడి జేబు లోంచి పోయింది.

దీన్ని మన పొలంలోకి తెచ్చి చూడండి. పత్తి ఏరుడు కిలోకింత. మిర్చి కోత చాలాచోట్ల కిలోకింత. వరి నాటు ఎకరాకింత అని గుత్త. గుత్త పనిలో పడుకోవద్దని ఎవడూ అనడు. అనాల్సిన పని లేదు, మనమే పడుకోం. ఆదోని, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప చేలకు పిల్లల్ని వెంటబెట్టుకుని వలస వచ్చే వాళ్ళను చూడండి. పన్నెండింటికి సద్ది తింటారు, చెయ్యి కడుక్కుంటూనే చేలో దిగుతారు. మేస్త్రి కేకెయ్యడు. తక్కెడే కేకేస్తుంది. రోజు కూలికి పోయిన చోట విరామం కోసం ఆసామితో తగువుపడే మనం, గుత్తకు పోయిన చోట ఆ విరామాన్ని మన చేత్తోనే కోసుకుంటున్నాం. దీన్ని కొందరు కూలీలు స్వేచ్ఛ అనుకుంటున్నారు, "మా ఇష్టం, ఎంత కోస్తే అంత" అని. సాయంత్రానికి రెండు కిలోలు ఎక్కువ తూగుతాయి, నిజమే. నాలుగు రోజుల తర్వాత జ్వరంతో పడుకున్న రెండు రోజుల కూలి ఏ తక్కెడలో తూస్తారు?

మార్క్సు 1867లో అచ్చువేసిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినం మీద పెద్ద అధ్యాయం ఉంది. ఇంగ్లండు మిల్లు యజమానులు అన్నం వేళల్లోంచి అయిదు నిమిషాలు, పది నిమిషాలు ఎట్లా కొరుక్కు తిన్నారో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల నుంచే ఎత్తి చూపించాడు. కష్టంగా అనిపించినా చదువుకున్న కుర్రవాళ్ళ చేత ఆ అధ్యాయం చదివించుకు వినండి. మన మేస్త్రీల సంగతే రాసినట్టుంటుంది.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షను ఏ కార్మికుడి చేతా అరగంట విరామం లేకుండా అయిదు గంటలకు మించి పని చేయించరాదని శాసించింది. 1951 తోటల కార్మికుల చట్టం టీ, కాఫీ, రబ్బరు తోటల వాళ్ళకూ అదే అరగంట ఇచ్చింది. పోరాటాల మీద వచ్చిన హక్కులవి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చి ఆ చట్టాలను తీసేశారు. విరామం ఎంతన్నది ప్రభుత్వాల నోటిఫికేషన్ల చేతుల్లో పెట్టారు. ఆ పాత చట్టం ఉన్ననాడైనా అది ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది, చేను గట్టు దాకా రాలేదు.

వచ్చింది కాస్తో కూస్తో ఉపాధి హామీ ఒక్కటే. 2005 చట్టం రెండో షెడ్యూలులో పనిచోట తాగునీరు, పిల్లలకూ విరామ వేళలకూ నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. నీడ అని కాగితం మీదైతే రాశారు. కానీ పాత చెరువు పూడిక తీసే చోట ఆ పరదా ఎంతమంది చూశారు? పైగా 2023 జనవరి 1 నుంచి సెల్‌ఫోను యాప్‌లో రోజుకు రెండు ఫోటోలు తప్పనిసరి చేశారు. పొద్దున్నే చల్లపూట కొలత పూర్తిచేసి ఇంటికి పోవలసిన వాళ్ళు రెండో ఫోటో కోసం ఎండలో పడిగాపులు పడ్డారు, లేదా ఇంటికిపోయి మళ్ళీ నడిచి వచ్చారు. సిగ్నలు లేకపోతే ఆ పూట హాజరూ లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. పేరు మారింది, ఎండ మారలేదు.

ఎండ మారకపోవటం కాదు, ముదిరింది. 2003లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ప్రభుత్వ లెక్క ప్రకారమే వెయ్యిన్నరకు పైగా ప్రాణాలు పోయాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో ఇచ్చిన నివేదికలో, 1995లో ఎండ వేడికి మన దేశం 4.3 శాతం పనిగంటలు పోగొట్టుకుందనీ, 2030 నాటికి అది 5.8 శాతానికి చేరుతుందనీ, అది 3 కోట్ల 40 లక్షల మంది ఏడాది పొడుగునా చేసే పనికి సమానమనీ అంచనా కట్టింది. ఆ నష్టంలో పెద్ద వాటా వ్యవసాయానిది, తర్వాత భవన నిర్మాణానిది. ఏసీ గదుల్లో ఆ గంటలు పోవు.

కలెక్టర్లు ఏటా ప్రకటన ఇస్తారు: మధ్యాహ్నం పూట ప్రజలు బయటికి రావద్దు, మజ్జిగ తాగాలి, గొడుగు పట్టుకోవాలి అని. ప్రజలంటే ఎవరో? బయటికి రాకుండా కూర్చుంటే సాయంత్రం పొయ్యి వెలగని వాళ్ళు ఆ మాటలో ఉన్నట్టు లేరు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయిన వారి కుటుంబానికి 4 లక్షల పరిహారం నిర్ణయించింది. మంచిదే, ఆంధ్రలోనూ అట్లాంటిది గట్టిగా అమలు కావాలి. కాని చస్తే 4 లక్షలు కట్టే ప్రభుత్వం, చావకుండా ఉండటానికి నీడపట్టున గడిపే రెండు గంటలకు కూలి ఎవరివ్వాలో మాత్రం చెప్పలేదు.

అది అసాధ్యమా? కేరళలో ఏటా ఎండాకాలం కార్మిక శాఖ ఉత్తర్వు వేస్తుంది. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని బందు. పొద్దున ఏడు, రాత్రి ఏడు మధ్యలోనే ఎనిమిది గంటలు సర్దుకోవాలి. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, కడప జిల్లాల నుంచి మన పిల్లలు గల్ఫుకు పోయి సిమెంటు మోస్తున్నారు గదా, వాళ్ళనడగండి. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని నిషేధం. కతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా 10 నుంచి మూడున్నర వరకు నిషేధం. ఆ షేకులేమీ కార్మిక ప్రభుత్వాలు నడపటం లేదు. అక్కడ యూనియన్‌కు చోటు కూడా అంతంతమాత్రం. వలస కూలీల చావులు ప్రపంచమంతా గోల అయ్యాక దిగి వచ్చారు. ఆ నిబంధనలకు తూట్లు పొడిచే కంపెనీలు ఉన్నాయని మనవాళ్ళే చెబుతారు. అయినా కాగితం మీద ఒక వేళ ఉంది, పట్టుకుని అడగటానికి. ఎడారిలో దొరికిన ఆ పాటి నీడ కృష్ణ, గోదావరి ఒడ్డున ఎందుకు దొరకదు?

ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశంలో చెరకు నరికే కూలీలకు కిడ్నీలు పాడై పడుచు వయసులోనే చనిపోతుంటే, నీళ్ళు, నీడ, విరామం ఈ మూడూ ఏర్పాటు చేసి చూశారు. వడదెబ్బ లక్షణాలు తగ్గాయి. మనిషి రోజుకు నరికే చెరకు 5.1 టన్నుల నుంచి 7.3 టన్నులకు పెరిగింది. కొడవలి, పని పద్ధతి కూడా మెరుగుపరిచారు, అదంతా విరామం మహిమే అనకూడదు. కాని విరామం ఇస్తే పని చెడుతుందన్న వాదన మాత్రం అక్కడ నిలవలేదు. మన శ్రీకాకుళం ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు పల్లెల్లో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు ఆరిపోయాయో అందరికీ తెలుసు. కారణం ఇదొక్కటేనని ఇంకా తేలలేదు. ఎండలో నీళ్ళు లేకుండా వంచిన నడుం ఎత్తకుండా చేసే చాకిరీ కూడా అనుమానితుల వరుసలో ఉంది. తేలేదాకా నీడ ఆపి ఉంచటం న్యాయమేనా?

ఇంతవరకు కునుకు పక్షాన మాట్లాడాం. దానిలో చెడు లేకపోలేదు. మనవాళ్ళు వినాల్సినవి ఇవి.

ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. అంతకు మించితే మనిషి గాఢనిద్రలోకి జారతాడు. అందులోంచి లేపితే తల దిమ్ముగా, చెయ్యి వశం తప్పి ఉంటుంది. ఆ దిమ్ములో కొడవలి పట్టినా, నూర్పిడి మిషను నోట్లో చెయ్యి పెట్టినా వేళ్ళు పోతాయి. లేచాక ముఖం కడుక్కుని, నాలుగు మాటలు చెప్పుకుని పదిహేను నిమిషాల తర్వాతే మిషను దగ్గరికి పోవాలి. మూడు దాటాక పడుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది. రోజూ గంటకు మించి పగటి నిద్ర పట్టేవాళ్ళలో చక్కెర జబ్బు, గుండెజబ్బు ఎక్కువగా కనిపించాయని పరిశోధనలున్నాయి. నిద్ర జబ్బు తెచ్చిందో, లోపలున్న జబ్బే నిద్ర తెచ్చిందో గాని, అట్లా ఎంత పడుకున్నా మబ్బు విడవని మనిషిని ఆసుపత్రిలో చూపించాలి. రక్తం తక్కువైన ఆడవాళ్ళలో ఇది మామూలు, మనం దాన్ని బద్ధకం అంటాం.

ఎక్కడ పడుకుంటున్నామన్నది మరీ ముఖ్యం. ట్రాక్టరు కింద, ట్రక్కు చక్రాల మధ్య నీడ బాగుంటుంది. డ్రైవరు అన్నం తిని వచ్చి చూసుకోకుండా బండి కదిలిస్తాడు. ఈ చావులు పేపర్లో మూల చిన్న వార్తగా వచ్చి పోతుంటాయి. గడ్డి మోపుల పక్కన, గట్టు బొరియల పక్కన పాముంటుంది. పురుగుమందు డబ్బాలు పెట్టిన పాకలో పడుకోరాదు, మందు కొట్టిన చేతులు సబ్బుతో కడక్కుండా పడుకోరాదు. మిరప కోసిన చెయ్యి నిద్రలో కంటికి పోతే ఎట్లా ఉంటుందో కోసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కల్లు తాగి ఎండ మొహాన పడుకోవటం నిద్ర కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవటం.

ఒక్కటి మాత్రం నొక్కి చెప్పాలి. వడదెబ్బ తగిలినవాడు కూడా చూడటానికి నిద్రపోతున్నట్టే ఉంటాడు. "పాపం అలిసిపోయాడు, పడుకోనియ్యి" అని వదిలేసిన మనుషులు సాయంత్రం లేవలేదు. కాబట్టి ముఠా అంతా ఒకేసారి పడుకోవద్దు. ఒకరు మేలుకుని ఉండాలి. పడుకున్న మనిషి ఒళ్ళు పొయ్యిలా కాలుతున్నా, పిలిస్తే పొంతన లేని మాటలు మాట్లాడినా, లేవకపోయినా అది వడదెబ్బే అనుకోవాలి. చెమట పట్టి ఉందిగా అని ఊరుకోవద్దు, చెమటతో కూడా వడదెబ్బ తగులుతుంది. వెంటనే బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్ళు పోసి, విసురుతూ 108కి ఫోను చెయ్యండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకండి.

ఆడకూలీల సంగతి వేరే చెప్పాలి. ప్రభుత్వం వేసిన 2024 లెక్కలోనే, 15 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళు ఇంటి చాకిరీకి రోజుకు 305 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్ళు పెట్టేది అంతకంటే చాలా తక్కువని తేలింది. కూలి పని దీనికి అదనం. ఎవరికి నిద్ర కావాలి మరి? చెట్టు కింద చూస్తే మాత్రం మగవాళ్ళే తుండు పరుచుకుని గురక పెడుతుంటారు. ఆడవాళ్ళు పిల్లకు పాలిస్తూనో, చిదుగులు ఏరుతూనో ఉంటారు. ఆరుబయట మగవాళ్ళ మధ్య, మేస్త్రి కళ్ళ ముందు పడుకోటానికి సంకోచపడతారు. ఆ సంకోచానికి కారణాలున్నాయి, కొట్టిపారేయకండి. నీడ అడిగేటప్పుడు ఆడవాళ్ళకు విడిగా ఒక పరదా, ఒక మరుగు కూడా అడగాలి. దాన్ని మనం ఇంతవరకు డిమాండ్ల కాగితంలో రాయలేదు, ఇక రాయాలి. ఇంట్లో సగం పని మగవాడు అందుకోవటం ఆసామిని అడిగేది కాదు గదా, అది మన ఇళ్ళల్లో తేల్చుకోవాలి.

చిన్న రైతు దగ్గర ఎట్లా అని కార్యకర్తలు అడుగుతున్నారు. రెండెకరాల కౌలుదారు మనతో పాటే చేలో దిగుతాడు, మనతో పాటే ఎండలో మాడతాడు. అతనూ పడుకోవాల్సిన మనిషే. అతని మీద బాకీ, కౌలు, మిర్చి ధర మూడు వైపులా పీకుతుంటాయి. అతనితో తగువు పెట్టుకునే కన్నా వేళలు మార్చుకోవటం మీద మాట్లాడితే దారి దొరుకుతుంది. పని తగ్గించమని కాదు, చల్లపూటకు జరపమని. పెద్ద ఆసాములు, మిర్చి వ్యాపారుల తోటలు, విత్తన కంపెనీలకు పంట పండించే పొలాల దగ్గర మాట వేరు. అక్కడ అరగంట విరామం కూలితో సహా ఇవ్వాలనే అడగాలి. గుత్త రేటు కట్టేటప్పుడు కూడా పది గంటల ఒరవడి మీద కాకుండా, విరామం తీసేసి ఎనిమిది గంటల్లో ఒక మనిషి ఎంత చెయ్యగలడో దాని మీద రేటు కట్టించాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి పనులకు ఎండాకాలం భత్యం అని 20 నుంచి 30 శాతం కలిపి, ఆ మేరకు కొలత తగ్గించిన పద్ధతి ఉంది గదా. పొలం గుత్తకూ అదే సూత్రం పట్టించవచ్చు.

వేళలు ఎట్లా మార్చాలన్నది ఒక్క అచ్చులో పోసేది కాదు. పొద్దున ఆరు నుంచి పదకొండున్నర, మళ్ళీ మూడున్నర నుంచి ఆరు అంటే చేను ఊరి పక్కనే ఉన్నవాళ్ళకు బాగుంటుంది. పదిహేను కిలోమీటర్లు ఆటోలో కుక్కుకుని పోయేవాళ్ళు మధ్యలో ఇంటికి రాలేరు. వాళ్ళకు అయిదున్నరకే దిగి ఒంటిపూటతో ముగించటం మేలు. కాని అయిదున్నరకు చేలో ఉండాలంటే ఇంట్లో ఆడది మూడింటికి లేవాలి. ఆ గంట కూడా లెక్కలోకి రావాలి. వలస ముఠాలకు గుడారమే ఇల్లు, దాని మీద టార్పాలిను మధ్యాహ్నం నిప్పుల కుండ. వాళ్ళకు నీడంటే చెట్టో, తాటాకు పందిరో ఆసామి వేయించాలి.

నార్లు పోసే ముందే ఊళ్ళో కూలి రేటు మాట్లాడుకునే కూటమి పెడతారు. ఆ రోజున కూలి ఎంతన్నది తేలగానే లేచి రాకండి. దిగే వేళ, ఎక్కే వేళ, నీళ్ళు ఎవరు తేవాలి, నీడ ఎక్కడ, కునుకు ఎంతసేపు, ఇవన్నీ కూడా తెల్లకాగితం మీద రాయించి ఇరువైపులా సంతకాలు, వేలిముద్రలు వేయించండి. మీ ఊళ్ళో ఏ వేళలు కుదిరాయో, ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు అడ్డం తిరిగారో సంఘం ఆఫీసుకు ఒక కార్డు ముక్క రాయండి. పక్క ఊరివాళ్ళు అడిగేటప్పుడు చూపించటానికి పనికొస్తుంది.